భుజం తట్టే డ్యూటీ

మే నెల, సోమవారం, ఉదయం ఆరు. నందిని గనుల ఊరికి అవతల నీళ్లు నిండిన పాత సున్నపురాయి గుంట దగ్గర ట్రక్కు దిగాం. తొమ్మిదిమంది సైనిక డైవర్లం, మూడు టెంట్లు, ఒక కంప్రెసర్. మూడు వారాల శిక్షణ. చుట్టూ తెల్లరాయి, ఎండకు కళ్లు తెరవనివ్వదు. స్టీలు ప్లాంటు ఊళ్లో క్యాంప్ 2 అనే బస్తీలో మా ఇల్లు, గంట దూరమే. సెలవు మాత్రం లేదు.

మూడో రోజు కంప్రెసర్ మొరాయించింది. సిలిండర్లలో గాలి నింపే దారి లేదు. బాగయ్యేదాకా ఊపిరి బిగబట్టడం ప్రాక్టీసు చేయమని హవల్దార్ ఆర్డరు వేశాడు. నడుములోతు నీళ్లలో ఒకడు బోర్లా తేలాలి. పక్కన నిలబడినవాడు అర నిమిషానికోసారి భుజం తట్టాలి. తేలేవాడు వేలెత్తాలి. ఎత్తకపోతే వెంటనే లేపాలి.

రెండు రోజుల్లో అది పందెమైంది. పళ్లు తోముకోవడంలోనూ పోటీపడే జాతి మాది. హవల్దార్ రికార్డు నాలుగు నిమిషాల పది సెకన్లు. దాన్ని కొట్టాలని, ఆయన కింది ర్యాంకులో ఉన్న మా నాయక్‌కు పంతం. పలాస మనిషి, నన్ను సొంత తమ్ముడిలా చూసుకునేవాడు.

శనివారం పదిన్నరకు నీళ్లలో దిగాడు. పక్కన నిలబడి భుజం తట్టే డ్యూటీ నాది. ముందు గబగబా ఊపిరి తీసి వదులుతున్నాడు.

"ఏటన్నా, అలగ ఊదేస్తన్నావు?"

"ఇలగైతే ఊపిరి కావాలనిపించదురా. నువ్వు వాచీ సూస్కో. మద్దిలో కదపకు."

అలా అనిపించకపోవడమే ప్రమాదమని, మనిషి చప్పుడు లేకుండా స్పృహ తప్పుతాడని శిక్షణలో చెప్పారు. విన్నాం, మరిచాం.

మూడున్నర నిమిషాలకు తట్టాను. వేలు లేచింది. నాలుగో నిమిషానికి తట్టలేదు. ఇంకో పది సెకన్లే కదా అనుకున్నాను.

"దాటేసినాడు!" అని అరిచాను. గట్టు మీద చప్పట్లు. అతను లేవలేదు. ఇంకా లాగుతున్నాడని మురిసిపోయాం. నాలుగు నిమిషాల నలభై సెకన్ల దాకా మురిసిపోయాం.

"అరే, పల్టావో ఉస్కో!" వెల్లకిలా తిప్పమంటూ హవల్దార్ దూకి, తనే తిప్పాడు. పెదాలు నీలం. నర్సింగ్ అసిస్టెంట్ నలభై నిమిషాలు ఛాతీ నొక్కాడు. ప్రాణం రాలేదు.

విచారణలో నిజమే చెప్పాను. శిక్ష పడింది, అనుభవించాను. సర్వీసు ముగించుకుని క్యాంప్ 2కి వచ్చేశాను. మా బావ ఇప్పటికీ ఫోనులో ఎవరెవరివో డైవింగ్ రికార్డుల వీడియోలు చూపించి, "ఇంతసేపు ఎలగుంటార్రా?" అంటాడు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. పక్కన ఎవరున్నారో చూడు బావా అంటాను. వీడియోలో వాళ్లు కనబడరు.

నాకు మాత్రం నాలుగో నిమిషం కనబడుతుంది. ఎండ చురుక్కుమంటోంది. చాచిన నా చేతి నీడ అతని వీపు మీద పడింది. చెయ్యి పడలేదు.