అనపచేను దున్నిన ఏడు

యుద్ధం జరిగే కాలం అది. కెంచార్లహళ్ళి పక్కన పల్లెకు నేను కోడలుగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆ ఏడు మా మామ చింతామణికి పోయి, వ్యవసాయ ఇలాకా ఆఫీసోళ్ళు చెప్పిన మాట ఒకటి తలకెక్కించుకొని వచ్చినారు. రోహిణి కార్తెలో అనపగింజలు దట్టంగా చల్లాల. చెట్లు ఏపుగా పెరిగినాక, పూత రాకముందే, పచ్చివి పచ్చిగానే మట్టిలోకి దున్నేయాల. అవి మురిగి ఎరువైతే ఆ చేన్లో రాగినారు నాటాల. కన్నడంలో ‘హసిరు గొబ్బర’ అని చెప్పి, మళ్ళీ మాకోసం ‘పచ్చిరొట్ట’ అన్నారు.

విత్తేటప్పుడు మా అత్త ఏమీ అనలేదు. చెట్లు మోకాళ్ళు దాటి, ఆకు నల్లగా నిగనిగలాడినాక ఆమెకు మనసొప్పలేదు.

“తినే పంటను మట్టిలో కలుపుతారా యాడన్నా? రాగులు పండితే యుద్ధానికని సర్కారోళ్ళు వచ్చి కొలుచుకొని పోతారు. మంచు పడేదాకా వదిలేస్తే అనపకాయలు మన కుండలోకి వస్తాయి,” అనింది.

“భూమిలో సత్తువ లేందే ఏం పండినా పొల్లే,” అన్నారు మామ.

మాటకు మాట పెరిగింది. ఇద్దరూ మాట్లాడుకొనేది మానేసినారు.

అప్పటినుంచి వాళ్ళ మాటలు మోసేది నా పని అయింది. “ఎద్దులకు ఉలవలు ఉడికినాయేమో మీ అత్తనడుగమ్మా,” అని తిన్నె మీదనుంచి మామ. “ఉడికినాయని చెప్పుపో,” అని పొయ్యి కాడనుంచి అత్త. మధ్యలో ఉండేది ఒక గోడే. ఒకరిది ఒకరికి వినపడతానే ఉంటుంది. అయినా నేను తలుపు చాటుకు పోయి చెప్పాల. ఉన్నదున్నట్టు చెప్తే కోపం. మెత్తగా మార్చి చెప్తే, “నేను అట్లా అనింటినా?” అని నిలదీసేవాళ్ళు. నా మొగునితో చెప్పుకుంటే, “పెద్దోళ్ళ మధ్య నేనేం మాట్లాడేది?” అని చేనికి పోయేవాడు.

నాకప్పుడు ఏడో నెల. తొలికాన్పు. నన్ను పిలుచుకొని పోవడానికి మా నాయన గౌరిబిదనూరు పక్కనుంచి బండి కట్టుకొని వచ్చినాడు. బండి కుదుపు తగలకుండా గడ్డి దట్టంగా పరిచి, దాని మీద మా అమ్మ కుట్టిన బొంత వేసినాడు. ఆ బొంతను చూడగానే నాకు ఏడుపొచ్చింది. చీరలు మూటగట్టుకొని కూర్చున్నాను.

మా నాయన మామను అడిగినాడు. “నాదేముండాదప్పా, ఇంటి ఆడదాన్ని అడుగు,” అన్నారు మామ. అత్తను అడిగితే, “యజమాని నోరు తెరిచి పొమ్మంటే నేను వద్దంటానా?” అనింది. ముందు ఊఁ అన్నవాళ్ళు తగ్గినట్టు. మా నాయన అటూ ఇటూ తిరిగి, మర్నాడు మళ్ళీ అడిగి చూసినాడు. అవే మాటలు.

“వాళ్ళు చెప్పకుండా పిలుచుకొని పోతే రేపు నీకే మాటొస్తుందమ్మా. వాళ్ళు మాట్లాడుకున్నాక కబురు పెట్టు,” అని నా తల నిమిరి బండెక్కినాడు. బొంత నాకు వదిలిపోయినాడు. బండి మలుపు తిరిగేదాకా గడప లోపలే నిలబడి చూసి, మూట విప్పినాను.

పుష్యమి కార్తెలో మంచి వాన పడింది. తెల్లారి మామ చేను దున్నడానికి మడకలు కట్టించినారు. అప్పటికే అత్త పోయి చేను నడుమ కూర్చొనింది. నన్ను పిలిపించినారు. నడుమెత్తు చెట్లు, తడిసిన తీగలు కాళ్ళకు చుట్టుకుంటుంటే, కడుపు పట్టుకొని చేన్లోకి నడిచినాను.

“లెయ్యమని చెప్పమ్మా మీ అత్తను.”

“నా మీదనే తోలమని చెప్పు మీ మామను.”

మామ మడక పట్టుకొని ఎద్దుల్ని అదిలిస్తాండారు. ఇద్దరికీ ఇద్దరూ కనపడతాండారు. వినపడతాంది. నడుమ నేను. ఎటు తిరగాలో తెలీలేదు.

“నేను చెప్పను. మీకే వినపడతాంది కదా,” అన్నాను. మామ ఎదుట నేను గొంతెత్తింది అదే మొదలు. వెనక్కి తిరగబోతే తీగలు కాళ్ళకు చుట్టుకొని అక్కడే చెట్ల మధ్య కూలబడినాను.

“కండ్లు కనపడలేదా? పిల్ల పడిపోయె, ఎద్దుల్ని ఆపు!” అని అత్త అరిచింది. నాతో కాదు, మామతో.

“ఆపినాను. నువ్వు పట్టుకో ఆమెను,” అన్నారు మామ.

అంతే, మాటలు కలిసిపోయినాయి. గట్టుపక్క కొంత అనప అత్తకు వదిలి, మిగతాది దున్నేసినారు. నా మొగుడు కొడవలితో తీగలు కోస్తా మడక ముందర నడిచినాడు.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక, మా నాయనకు కబురు పెట్టమని అడిగినాను. అత్త మామ మొహం చూసింది. మామ అత్త మొహం చూసినారు.

“ఎనిమిదో నెల పడింది. ఇప్పుడు కదిలించకూడదు,” అనింది అత్త.

“అవును, కదిలించకూడదు,” అన్నారు మామ.

తొమ్మిదో నెలకు నా కాళ్ళు వాచిపోయినాయి. బండెక్కనీయలేదు. మా అమ్మకూ జ్వరం తగిలి రాలేకపోయింది. బిడ్డ ఆ ఇంట్లోనే పుట్టింది. అత్త దగ్గరుండి బాగానే చూసుకొనింది, కాదనలేను. అయినా నొప్పులప్పుడు నేను పిలిచింది మా అమ్మనే.

రాగిచేను ఆ ఏడు బాగా పండింది. మంచు కాలంలో అత్త గట్టుపక్క అనపకాయలు ఒలిచి, నానిన గింజల తోలు పితికి పితికిపప్పు చేసి మామకు వడ్డించింది. మళ్ళీ ఏడు ఏ చేన్లో పచ్చిరొట్ట వేయాలో ఇద్దరూ బయట మాట్లాడుకుంటాండారు. నేను గదిలో బిడ్డకు పాలిస్తా వింటాండాను. పుట్టింటికి ఎప్పుడు పంపుతారో ఆ మాటల్లో రాలేదు. బిడ్డను మా అమ్మ కుట్టిన బొంత మీద పడుకోబెట్టినాను.