అట్ట మింద పాఠం

అవును నాయనా, గ్రేడులు మాకూ ఉండె. మీ మాదిరి పిల్లోళ్లకు కాదు, బడికీ, మండలానికీ వేస్తాండ్రి. ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు ఇంతమాత్రం రావాలని పైనుంచి ఒక కొలత పెట్టింటిరి. నేనప్పుడు కడప జిల్లాలో ఒక మండలానికి విద్యాధికారిని.

మండలాలోళ్లమంతా కడపకు మీటింగుకు పోతే, టీ తాగేకాడ ఒక మాట, హాల్లో ఒక మాట. రాయచోటి తట్టునుంచి వచ్చే అధికారి బయట గొణుగుతాండె: "చెనిక్కాయ పీకేకాలం బడిలో పిల్లోళ్లే ఉండరు, గ్రేడు యాడ తెచ్చేది?" లోపల మైకిస్తే, "శానా మంచి పథకం సార్!"

"ఏమప్పా, టీతోపాటు ఆ మాట గూడా మింగేస్తివా?" అంటి నవ్వుతా. నాకైతే ఆ కొలత మింద నిజంగానే నమ్మకం. కూలోళ్ల బిడ్డకూ చదువు రావాలంటే తప్పేముండాది?

మాకిచ్చిన పరీక్ష అట్ట ఒకటే, దాని మింద చిన్న పాఠం. అదే అట్ట ఊరూరూ తిప్పుతాంటిమి. మండలానికి మంచి గ్రేడు వచ్చె. కడప మీటింగులో శాలువా కప్పుతాం, బాగా చదివే బిడ్డను పిల్చుకోని రాండి అనిరి. ముగ్గురాయి గనిలో పనిచేసేటోళ్ల పాపను తీసకపోతి. బాగా చదివితే హాస్టలు బడిలో చేరుస్తామని వాళ్లమ్మకు చెప్పింటి.

పాప గడగడా చదివె. చప్పట్లే చప్పట్లు. జిల్లా పెద్దసారు సంబరపడి వేరే పాఠముండే ఇంకో అట్ట చేతికిచ్చె. పాప దాన్ని కండ్లముందర పెట్టుకోని, మళ్లా ఆ పాత పాఠమే మొదుల్నుంచి ఎత్తుకునె. హాలంతా నవ్విరి. వినపడలేదేమో అనుకోని ఇంకా గట్టిగా చదివె. శాలువా భుజాన ఉండాది, లేసిపోయి ఆ బిడ్డను దగ్గరికి తీసుకోకుండా అట్నే కూర్చుంటి. రాయచోటి ఆయప్ప ఒక్కడే నవ్వలే.

మీటింగైనాక పెద్దసారు కాడికి పోయి, "మా గ్రేడు తగ్గించండి సార్" అంటి.

"పైకి పంపిచ్చేసినామమ్మా. ఇంక దాన్ని కదిలించొద్దు," అనె, మెల్లగా. తిట్టింటే బాగుండు.

తిరుగు బస్సులో పాప నా పక్కనే కూర్చునె.

"ఇంక నన్ను హాస్టలు బడిలో చేర్చుకోరా అమ్మా?"

"చేరుస్తాలే. తప్పు నీది కాదు, మాది." మళ్లా నేనే అడిగితి: "చదవను రాదని మీ బడి అయివారికి ఎప్పుడన్నా చెప్పినావా తల్లీ?"

"చెప్తే హాస్టలు బడికి పంపరు గదమ్మా," అని ఆ పాప కిటికీ తట్టుకు తిరుక్కునె. వాళ్లూరు వచ్చేదాకా ఇటు తిరగలే.