మా కెజియా బరువెంత

సహోదరులారా, సహోదరీలారా, కల్లంలో ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ పక్కన పాకలో మా పదేళ్ళ కెజియా మంచినీళ్ళు కూడా కడుపులో నిలవక కక్కుకుంటోంది, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. అది కోతల కాలంలో ఒక ఉదయం. ఆ బిడ్డ ఇవాళ మీ ముందు వరసలో కూర్చుని పక్కపిల్ల జడ లాగుతోంది. దేవునికే మహిమ!

జ్వరం మామూలుగానే మొదలైంది. నేను బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకోవాలి, కోత కాలం కాబట్టి మా ఆయన దావీదు కల్లం వదిలి రాలేడు, అందుకని పిల్లను తన దగ్గరే పాకలో పడుకోబెట్టుకుని మందులు తానే పోశాడు. ప్రేమకు లోటు చేశాడని ఎవరూ అనలేరు, ఆకుకు నొప్పి కలుగుతుందేమోనన్నట్టు మిరప మొక్కను ముట్టుకునే మనిషి. కానీ మన పల్నాడు రైతుకు ఒక సూత్రం ఉంది, మీ అందరికీ తెలిసిందే. పురుగు చావకపోతే మోతాదు పెంచు. అప్పటికీ చావకపోతే కంపెనీ మార్చు. అదీ కుదరకపోతే రెండూ కలిపి కొట్టు. చేలో మందు కొలిచేది సీసా మూతతో, ట్యాంకుకు ఇన్ని మూతలని. మూత నిండా పొయ్యడమే మనకు లెక్క, లోపల గీతలు ఉన్నాయా లేవా అని ఎవరూ చూడరు. జ్వరం సిరప్ సీసా మీద కూడా తెల్లటి మూత ఉంది కదా, దాన్నీ ఆయన నిండా పోశాడు. జ్వరం దిగినట్టే దిగి మళ్ళీ వచ్చింది. ఇంకో మూత పోశాడు. మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిన సిరప్ పనిచెయ్యడం లేదని సత్తెనపల్లి మందుల షాపులో ఇంకో కంపెనీది తెచ్చాడు. మొదటిది మానకుండా రెండోదీ పోశాడు. చివరికి చేలో పురుగుమందు కొట్టి ఒళ్ళు నొప్పులొచ్చినప్పుడు తాను వేసుకునే మాత్ర కూడా సగం విరిచి ఇచ్చాడు.

ఆ ఉదయం పాకలో ఇద్దరు వైద్యులు తయారయ్యారు. ఒకరు మా ఆయన, రెండోవారు మన దీనమ్మ పిన్ని. పిన్ని ఎదురుగానే ఉంది, నవ్వుతోంది, అనుమతి తీసుకునే చెబుతున్నాను.

"ఇంకొక్క మూత పోస్తే జ్వరం లొంగుద్ది," అన్నాడాయన.

"ఒరేయ్ దావీదూ, ఆ సీసాలన్నీ అవతల పారేయరా. మందు ముట్టుకోకూడదు, ప్రార్థనలోనే వదిలెయ్యాలి. మందు పట్టుకుంటే విశ్వాసం జారిపోద్ది," అంది పిన్ని.

సహోదరులారా, ఈ మాట మన సంఘాల్లో చాలా కాలంగా తిరుగుతోంది, దీని మీద నాకున్న కోపం నేను దాచను. కళ్ళజోడు లేకుండా వాక్యం చదవలేని మనం, మైకు లేకుండా పాట పాడలేని మనం, బిడ్డ నోట్లో పడే మందు దగ్గరికి వచ్చేసరికి దాన్ని అవిశ్వాసం అంటామా? చూపు మందగిస్తే కళ్ళద్దాలు ఇచ్చిన దేవుడు జ్వరానికి మందు ఇవ్వడా? అయితే మా ఆయన దారి కూడా విశ్వాసం కాదు, వైద్యమూ కాదు. ఒకరు ఆలోచించకుండా మానేయమన్నారు, ఒకరు ఆలోచించకుండా పొయ్యమన్నారు. ఇద్దరి మధ్యా నా బిడ్డ సొమ్మసిల్లి పడి ఉంది.

మోకాళ్ళ మీద పడ్డాను. మిరపకాయల ఘాటుకో ఏడుపుకో ముక్కు కారుతూ ఇలా ప్రార్థించాను: "ప్రభువా, అద్భుతం చెయ్యమని నిన్ను తొందరపెట్టను. నాకు బుద్ధి ఇవ్వు. ఏం జరుగుతోందో చూసే కళ్ళు ఇవ్వు. ఈ పిల్ల నీది, నన్ను చూసుకోమని ఇచ్చావు, చూసుకోవడం నేర్పు తండ్రీ."

ఆకాశం నుంచి స్వరమేదీ రాలేదు. అంతకు ముందటి ఏడు మా చేలో జరిగిన సంగతి మాత్రం కళ్ళ ముందు నిలిచింది. రెండు మందులు కలిపి కొట్టిన సాళ్ళలో ఆకు మాడిపోతే, మా ఆయన తల పట్టుకుని గట్టు మీద కూలబడి, "చావాల్సింది పురుగు, మాడింది చెట్టు," అన్నాడు. దాన్ని ప్రార్థనకు జవాబు అంటారా, జ్ఞాపకం అంటారా, మీ ఇష్టం. సరిగ్గా కావలసినప్పుడు కావలసిన జ్ఞాపకం ఇచ్చినవాణ్ణే నేను దేవుడంటాను.

కళ్ళు తెరిచి, "ఏవండీ, చెట్టు మాడుతోంది," అన్నాను.

ఆయన చేతిలో మూత అలాగే ఆగిపోయింది. సిరప్ సీసాలూ, సగం మాత్ర మిగిలిన అట్టా, అన్నీ ఒక సంచిలో వేసుకుని, ఆటో మాట్లాడుకుని గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తాం. పిన్ని కూడా ఎక్కింది, దారి పొడవునా ప్రార్థన ఆపలేదు. ఆ ప్రార్థన నాకు ఎంత బలమిచ్చిందో దేవుడికి తెలుసు.

పిల్లల వార్డులో సిస్టర్ మా సంచి బల్ల మీద బోర్లించి ఒక్కొక్క సీసా తిప్పి చదివింది.

"ఇవన్నీ ఒకటే మందండీ. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపల ఉన్నది ఒకటే."

"రంగు వేరుగా ఉంది కదా సిస్టర్?" అన్నాడు మా ఆయన.

"రంగు పిల్లలు తాగడం కోసమండీ, జ్వరానికి కళ్ళుండవు. సరే, పాప బరువెంత?"

మిర్చి యార్డులో టిక్కీని, అదే నలభై కిలోల మిరపకాయల బస్తాను, ఇలా ఎత్తి అలా దించి, కాటాతో పనిలేకుండా బరువు చెప్పే మనిషి, ఇంటి బిడ్డ బరువు అడిగితే నేల చూపులు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, కెజియాను రెండు చేతులతో పైకెత్తి, "అర టిక్కీ మీద కాస్త మొగ్గు ఉంటుంది సిస్టర్," అన్నాడు.

"టిక్కీల్లో చెబితే నేను మందు కొలవలేనండీ, మిషను మీద పట్టుకుని కూర్చోబెట్టండి."

ముల్లు ఇరవై మూడు కిలోల దగ్గర ఆగింది. అంత బాధలోనూ ఆయన నా వైపు తిరిగి, "చెప్పానా?" అన్నాడు.

ఆ బరువుకు ఎంత పొయ్యాలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పిల్ల కడుపులోకి వెళ్ళిందని, కాలేయానికి దెబ్బ తగలబోతోందని, సమయానికి తెచ్చారని డాక్టరుగారు రక్తపరీక్షలు చూసి చెప్పారు. విరుగుడు మందు సెలైనులో ఎక్కించారు. మేం బయట వరండాలో మోకరించాం.

ఆ వార్డులో నేను చూసినదాన్ని ఏ కూటంలోనూ చూడలేదు. మందు ఇచ్చే ప్రతిసారీ సిస్టర్ వచ్చి పిల్ల పేరు అడిగేది. రెండో సిస్టర్ పక్కన నిలబడి మందు పేరూ, కొలతా పైకి చదివేది. ఇద్దరు సాక్షులు ఒప్పుకుంటే కానీ చుక్క లోపలికి వెళ్ళదు. మా కెజియాకు కాస్త ఓపిక రాగానే విసుగు కూడా వచ్చింది.

"పొద్దున చెప్పాగా సిస్టర్, మర్చిపోయావా?"

"మర్చిపోలేదమ్మా, ఈ మందు నీదో కాదో కనుక్కుంటున్నా."

ఇక అక్కణ్ణుంచి సిస్టర్ గుమ్మంలో కనబడితే చాలు, మా పిల్ల మంచం మీద లేచి కూర్చుని, "కెజియా, ఇరవై మూడు కిలోలు, అయిదో తరగతి, చేదు మందు తాగదు," అని అరిచేది. వార్డు వార్డంతా నవ్వేది. ఆ నవ్వు విన్న రోజే మా బిడ్డ మాకు దక్కిందని నాకు తెలిసింది. మేం ఇంటికి బయలుదేరేటప్పుడు సిస్టర్ తెల్ల మూతను మా ఆయన చేతిలో పెట్టి, లోపలి గీతను గోటితో చూపించి, "బరువుకు తగ్గట్టు డాక్టరు చెప్పిన గీత దాకే. చెప్పిన వ్యవధి లోపల మళ్ళీ వద్దు. రెండు సీసాలు కలపొద్దు. పెద్దల మాత్ర విరిచి పెట్టొద్దు. ఎక్కడికెళ్ళినా ఇంతకుముందు ఏం వాడారో చూపించండి," అంది. ఆయన పొలం పుట్రా రాయించుకున్నంత శ్రద్ధగా విన్నాడు.

ఇదంతా సంఘంలో చెప్పనా అని అడిగితే, "చెప్పవే, నా పరువు మిరప రేటు లాంటిది, ఇవాళ పడితే రేపు లేస్తది," అన్నాడు.

మొన్నటి కోతపండుగకు ఆయన కృతజ్ఞతార్పణగా ఏం తెచ్చాడో మీరు చూశారు. మిరపకాయలతో పాటు ఇంట్లో ఉన్న కాటా కూడా మోసుకొచ్చి, అర్పణల తూకం అయ్యాక, "ఏరా పిల్లలూ, ఇక మీ వంతు," అని ఒక్కొక్కరినీ దాని మీద ఎక్కించాడు. తూకంలో మోసం దేవునికి గిట్టదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ధాన్యానికీ మిరపకాయకూ ఉన్న ఆ న్యాయం మన పిల్లల మందుకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

అప్పుడే దీనమ్మ పిన్ని దగ్గుతున్న తన మనవణ్ణి తీసుకొచ్చింది. తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డను స్వస్థపరచు, రేపు డాక్టరుగారికి మంచి ఆలోచన ఇవ్వు, ఈ కాటా కూడా సరిగ్గా చూపించేటట్టు చెయ్యి," అని ప్రార్థించింది. ఆమెన్ అన్న వెంటనే కళ్ళజోడు సర్దుకుని, మనవణ్ణి కాటా మీద నిలబెట్టి, "గట్టిగా చెప్పరా దావీదూ, వీడి బరువు దేవుడితో పాటు నాకూ తెలవాలి," అంది.

నా బిడ్డను బతికించిన దేవునికి స్తోత్రం. బిడ్డ జ్వరంతో కాగుతుంటే దిక్కుతోచక కూర్చున్న తల్లి ఎవరైనా ఇక్కడ ఉంటే, అమ్మా, ఆయన్ను నమ్ము. మోకరించి అడుగు, లేచి ఆసుపత్రికి నడువు, ఆ రెండు చోట్లా ఆయనే ఉంటాడు. కాటా ఇంకా మందిరం వరండాలోనే ఉంది. చెప్పులు విప్పించి పిల్లల్ని ఎక్కించండి.