గుస్ట్ బండికి ఆకురాయి తగల్లేదు

గుస్ట్ హెర్మాన్స్ నోరు మంచిది కాదు. కెంపెన్ ఇసుక నేలల్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. అరవై దాటినా మనిషికి కోపం తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. గంటలు గట్టిగా కొట్టిస్తున్నాడని చర్చి పాదిరీని తిట్టాడు. చిప్స్ మీద మయొనైజ్ తక్కువ వేసిందని కొట్టు ఆవిణ్ణి తిట్టాడు. ఇక తమ్ముడు రెమి సంగతి వేరే చెప్పాలా? రోడ్డుకి అటు ఇల్లు రెమిది, ఇటు ఇల్లు గుస్ట్‌ది. ఆ ఇద్దరి మధ్య తిట్లు తప్ప మరో మాట నడిచి ముప్పై అయిదేళ్లయింది.

దానికి కారణం ఒక ఆకురాయి. 1974లో గుస్ట్ ఇసుకలో జరిగే మోటార్ సైకిల్ పందేల్లో మంచి ఊపు మీదున్నాడు. కొత్త బండి కొనే స్తోమత లేక 1969 నాటి టూ స్ట్రోక్ మీదే అందర్నీ కొడుతున్నాడు. తమ జట్టులోకి తీసుకుందామని బళ్ల కంపెనీ మనిషి ఒకడు చూడ్డానికొస్తున్నాడని తెలిసి, పంతొమ్మిదేళ్ల రెమి అన్నకు మేలు చేద్దామనుకున్నాడు. ఒక్క మాట చెప్పకుండా సిలిండర్ విప్పి, పొగ పోయే కన్నాన్ని ఆకురాయితో పైకి అరగదీశాడు. ఆ కన్నం పైకి జరిగితే ఇంజన్ పై వేగంలో చెలరేగిపోతుంది, కింది వేగంలో లాగుడు చచ్చిపోతుంది. గట్టి నేలైతే సరిపోయేదే. ఇసుకలో మొదటి మలుపుకే బండి కూరుకుపోయింది. కంపెనీ మనిషి కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అరిగిపోయిన ఇనుముని మళ్లీ తెచ్చి అతికించేదెవరు? గుస్ట్ ఆ సిలిండర్ తీసి తమ్ముడి కాళ్ల దగ్గర విసిరికొట్టాడు.

"నీ ఎడం చెయ్యి పడిపోను!" అన్నాడు. రెమిది పుర్రచెయ్యి.

తర్వాత పాత సామాన్ల జెరార్డ్ దగ్గర మరో సిలిండర్ కొని బిగించుకున్నాడు. అప్పట్నుంచీ ఒకటే పాట. "కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. దీనికి ఆకురాయి తగల్లేదు." పిస్టన్ రింగులు మార్చిన ప్రతిసారీ సిలిండర్‌ని బీరు కొట్టుకి పట్టుకెళ్లి నలుగురికీ చూపించేవాడు. "చూడండ్రా ఆ కన్నం అంచు! అది దిద్దిన పనివాడెవడో గానీ వాడి చేతికి ముద్దు పెట్టాలి. మా ఇంట్లోనూ పుట్టాడొకడు, దేనికి?" మూల బల్ల దగ్గర రెమి తలొంచుకుని తాగేవాడు.

ఏటా బంగాళాదుంపలు తవ్వడం అయ్యాక ఇసుక గోతిలో పాత బళ్ల పోటీ పెడతారు. ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి, దిద్దిన బండికి చోటు లేదు. బండి వెనక పొలం చదును చేసే ఇనుప దంతె కట్టి, గట్టెక్కించాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గుర్తుగా మేకు పాతుతారు. లెక్కకి రెమి తెచ్చే 1984 నాటి నీళ్లతో చల్లబడే ఇంజన్ బలం అన్న ఇంజన్‌కి ఒకటిన్నర రెట్లు. అయితేనేం? దంతె పళ్లు ఇసుకలో దిగేసరికి అది అరిచి అరిచి గోల పెట్టి ఆగిపోతుంది. యోరిస్ అనే కుర్ర వడ్రంగి బండి 1977ది, అది ఇంకాస్త ముందు ఆగుతుంది. గుస్ట్ ముసలి బండి మాత్రం టుక్కు టుక్కుమంటూ దున్నపోతులా లాక్కుపోతుంది. ఏటా అతని మేకే పైన.

ఈ ఏడూ అదే జరిగింది.

"ఏరా, సరుకు లేదు గానీ సౌండు మాత్రం బానే ఉంది!" అని గుస్ట్ యోరిస్‌ని వేళాకోళం చేశాడు.

యోరిస్‌కి ఒళ్లు మండింది. వ్యాన్‌లోంచి నూనె కాగితం చుట్టిన పొట్లం తెచ్చాడు. అందులో గుస్ట్ బండికి వేసే 1969 రకం సిలిండరే, ఒక్కసారి కూడా బండికెక్కనిది.

"పెద్దాయనా, నీది విప్పి దీని పక్కన పెట్టు. తేడా ఉందా, మళ్లీ జన్మలో దంతె ముట్టుకోకూడదు. రూలు నీకూ తెలుసు."

అందరూ రెమి వైపు చూశారు. ఎగిరి గంతేస్తాడనుకున్నారు. రెమి మొహం పాలిపోయింది.

"ఎందుకురా విప్పడం? గెలిచాడుగా, వదిలెయ్యండి."

"నీ జాలి నువ్వే ఉంచుకో, వెధవా!" అని గుస్ట్ ఇంజన్ చల్లారీ చల్లారకముందే స్పానర్ అందుకున్నాడు.

రెండు సిలిండర్లూ గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టారు. గుస్ట్ ఒక కన్నం చూశాడు, రెండోది చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. తన దాని కన్నం పై అంచు గోరంత కిందికి ఉంది, కింది వేగంలో ఆ లాగుడు అందుకే. కంపెనీది మొరటుగా ఉంది. తనది నున్నగా, ఒకవైపుకి వాలి ఉంది, ఎడమ చేత్తో దిద్దితే వాలేటట్టు. ఇన్నేళ్లూ బీరు కొట్టులో తాను పొగిడిన అంచు అది.

"ఆ ఏడాది రెండు రకాలొచ్చాయి," అన్నాడు రెమి గబగబా.

యోరిస్ కాస్త తగ్గాడు. "అయ్యుండొచ్చేమో. నువ్వేమంటావు పెద్దాయనా? నీ మాటే ఖాయం."

అవునంటే చాలు, పరువూ మేకూ రెండూ దక్కుతాయి. గుస్ట్ ఆ నున్నటి అంచు మీద ఓసారి బొటనవేలు రాశాడు. అబద్ధం ఆడటానికి కూడా మనిషికి కాస్త మెత్తదనం కావాలి. అది అతనికి ఏనాడూ లేదు.

"రెండు రకాలూ లేవు, బొందా లేదు! దీనికి ఆకురాయి తగిలింది. నా మేకు పీకెయ్యండి." తమ్ముడి మీదికి తిరిగాడు. "ఒరే, ఇది నీ పనే కదూ?"

"నువ్వు విసిరికొట్టిన సిలిండర్‌కే లోపల కొత్త గొట్టం వేయించి, కన్నాలు నేనే దిద్దాను. జెరార్డ్ చేత నీకు అమ్మించాను."

"ఏడవొచ్చుగా ఆ మాట అప్పుడే!"

"చెబితే ఏం చేసేవాడివన్నయ్యా?"

"కాలవలో పారేసేవాణ్ణి."

"మరి?"

గుస్ట్ మరింత మండిపోయాడు. సిలిండర్ తీసి తమ్ముడి ఒళ్లో పడేశాడు.

"బిగించు. ఎడం చేత్తోనే బిగించు. ఈసారి చెడగొట్టావంటే చంపేస్తాను."