వేపరెబ్బ గుచ్చిన సీసా

నేనేం చెప్పినా సగం కోసేసి వినడం మీకు అలవాటే. బంగారుపాళ్యం తోపులో ఎలుగుబంటి నన్ను బీడీ అడిగిందంటే మీరు నమ్మలేదు. సరే, వదిలేద్దాం. ఇది మాత్రం కోయకండి. కోస్తే ఏమీ మిగలదు. నా బిడ్డల మీద ఒట్టు... నా ఈ రెండు చెవులతో విన్నాను.

డెబ్బైల్లో మాట. కలరా దేశాలన్నీ తిరిగి తిరిగి మా చిత్తూరు వైపుకూ వచ్చింది. ఆసుపత్రి వరండాల్లో కూడా మంచాలే. నేను వెనకవైపు రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. సెలైన్ సీసాలు అప్పట్లో గాజువి. అయిపోయినా పారేసేవాళ్లు కాదు. వార్డు నుంచి మా షెడ్డుకు వచ్చేవి. సోడా వేసి పెద్ద అండాలో ఉడకబెట్టి, కడిగి, వెదురు తడిక మీద బోర్లించేవాళ్లం. ఆరాక వాటిలో కాచి చల్లార్చిన నీళ్లు నింపి, మూతికి గుడ్డ కట్టి, జబ్బు సోకిన వీధులకు పంపేవాళ్లం. బావినీళ్లు ఎవరూ ముట్టకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంకా ఉడకబెట్టని సీసా మెడకు గుర్తుగా ఎర్రగుడ్డ పేలిక కట్టేవాళ్లం. పేలికలు అయిపోయాయి. అప్పుడు మూతిలో వేపరెబ్బ గుచ్చడం మొదలుపెట్టాం. జబ్బున్న ఇంటి గుమ్మానికి వేపాకు కడితే చూసినవాళ్లు బయటే ఆగిపోతారు కదా... అలాగే దీన్నీ ఎవరూ ముట్టరని.

ఆ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. చీకటి పడుతుండగానే కరెంటు పోయింది. లాంతరు ముందు ఒక్కణ్ణే కూర్చున్నాను. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. మా ఆసుపత్రి వంటశాలలో పనిచేసే చెంగల్రాయుడు. నిలువెల్లా తడిసిపోయాడు.

"అన్నా, నీళ్ల సీసా ఒకటి ఇయ్యి. బిడ్డకి మద్దేన్నం నుంచి వాంతులు. నోరు పిడస కట్టుకపోతా ఉండాది."

"ఈడికే ఎత్తుకోని రావాల్సింది గదప్పా."

"యాడ పండబెట్టేది? నేల మీద గూడా సోటు లేదు. మంచం ఖాళీ అయ్యేదాకా ఉప్పూ చక్కెరా కలిపి తాపిస్తా ఉండమన్నాది డాక్టరమ్మ. బిన్నా ఇయ్యన్నా, ఆలస్యం సెయ్యొద్దు."

నింపిన సీసాల బుట్ట నా పక్కనే ఉంది. పైనున్నది తీసి చేయి చాపాను.

టంగ్.

గాజు మీద ఏదో తగిలిన చప్పుడు. చిన్నదే. వెనక, తడిక వైపు నుంచి. ఎలుకేమో అనుకున్నాను. లాంతరెత్తి చూశాను. బోర్లించిన సీసాలు బోర్లించినట్టే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. రేకుల మీద చినుకుల మోత కూడా... ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు.

"ఏందన్నా, సీసా ఇచ్చేదానికి ముహూర్తం సూస్తా ఉండావా?"

మళ్లీ చాపాను. అతని వేళ్లు సీసాకు తగిలాయి.

టంగ్... టంగ్.

ఈసారి వెనక కాదు. నా అరచేతిలో. సీసా లోపల నుంచి... గోటితో కొడితే అలా మోగదు. అది వెండి చప్పుడు. మోచేతి దాకా జివ్వుమంది. చెంగల్రాయుడు నిప్పు ముట్టినట్టు చేయి లాక్కున్నాడు.

"ఇన్నావా?" అన్నాను.

"ఇన్నా," అన్నాడు.

సీసాను లాంతరు వెలుగులో పెట్టాను. కొంచెం ఊపాను. లోపల నీళ్లు మాత్రం తొణకలేదు. అడుగున ఏదో ఆనుకుని ఉంది. సన్నగా... అంచు రంపంలా...

వేపాకు.

నీళ్లు నింపింది కొత్తగా చేరిన ఆయా మునెమ్మ. కేకేస్తే పరిగెత్తుకొచ్చింది.

"ఏ సీసాల్లో పోసినావు మునెమ్మా?"

"రెబ్బ ఉండేటివాట్లోనే అన్నా. గంగమ్మ ఆకు పెట్టినారంటే మంచివే గదా. రెబ్బ తీసి పోస్తి."

ఆమెను తప్పుపట్టలేం. ఆమె ఇంట్లో వేపాకు కాపాడేది. మా షెడ్డులో దగ్గరికి రావద్దనేది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మునెమ్మ నా చేతిలోని సీసా వైపు వంగి చూసింది. "ఇది తలుపు పక్క మంచం ఆయమ్మది. ఈడ పెచ్చు లేసి ఉండాది సూడు. పొద్దున పోయినాది, పాపం. గొంతు పడిపోయి మాట రాలేదు. నీళ్లు కావాలంటే మంచం మీద కాళ్ల కాడుండే ఈ ఉత్త సీసాని మెట్టెతో కొట్టి పిలిసేది."

మేమింకా ఆమెకు చప్పుడు సంగతి చెప్పలేదు.

బోర్లించిన సీసాల్లోంచి ఒకటి తీసి, అండాలో మిగిలిన కాచిన నీళ్లు నేనే నింపి ఇచ్చాను. చెంగల్రాయుడు చీకట్లో పరిగెత్తాడు. బిడ్డ బతికింది. ఇప్పుడు ఆ బిడ్డకే రెండు జడలు వేసుకుని బడికి పోయే మనవరాలుంది.

గాజు చల్లారేటప్పుడు అలా మోగుతుందని డాక్టరమ్మ అంది. అవి పొద్దున కాచిన నీళ్లు. సీసా ఎప్పుడో చల్లారిపోయింది.

"ఆయమ్మే అడ్డంపడి నా బిడ్డని కాపాడినాదన్నా," అంటాడు చెంగల్రాయుడు ఈనాటికీ. నేను సరేనంటాను.

కానీ ఆ బుట్టలోని నీళ్లన్నీ నేను సున్నం గుంటలో పారబోస్తున్నప్పుడు అతను అక్కడ లేడు. పెచ్చు లేచిన సీసాను అన్నిటికంటే చివర వంచాను. నీళ్లు గుడగుడమంటూ గుంటలోకి పోతున్నాయి...

టంగ్. టంగ్ టంగ్... తొందరతొందరగా. చివరి చుక్క రాలేదాకా.

బిడ్డకు ఇవ్వొద్దని అడ్డం పడిందో... తనకు ఇవ్వమని అడిగిందో.