మందు తుపాకి, శనివారం నూనె

ఆ యంత్రానికి తుపాకి అని పేరు పెట్టింది కాంపౌండరు. జనం భయపడకుండా వేయించుకోవలసిన వస్తువుకు అటువంటి పేరు పెట్టి, దానిని చేత్తో ఎత్తి, వరుసలో నిలబడిన కూలీల గుండెలకు గురిపెట్టి నవ్విన మనిషి అతడు. ఈ సంగతి నా దినచర్య పుస్తకంలో ఉన్నది. కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి నేను ఎవరినీ నిందించను. అందుకే ఇది రాసే ముందు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా మళ్ళీ చదివాను. ఈ ముసలి వయసులో కూడా చదివి లేచేసరికి ఆనాటి కోపం అలాగే ఉంది.

అవి యాభైల దశకం చివరి సంవత్సరాలు. నేను ఓడరేవు ఉన్న అరవ పట్నం అంచున, వ్యాసర్పాడిలోని ఒక తెలుగు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. మా అక్కా బావా రైల్వే యార్డు వెనక గుడిసెల్లో ఉండేవారు. బావ బొగ్గు మోసేవాడు. యార్డులో వ్యాగన్ల నుంచి బొగ్గు దించే పని అంతా ఒక ప్రైవేటు కంట్రాక్టరు చేతిలో ఉండేది. ఆ వేసవిలో గుడిసెల్లోకి కలరా వచ్చింది. కూలీలు మంచం పడితే వ్యాగన్లు ఆగిపోతాయి కనుక కంట్రాక్టరు హడావిడిగా అందరికీ మందు వేయించాలని నిశ్చయించాడు. అప్పుడే ఓడ మీద వచ్చిన ఒక విదేశీ వైద్యుడి దగ్గర సూది అక్కరలేని కొత్త యంత్రం ఉందని ఎవరో అతనికి చెప్పారు. మోటారు తిరిగితే మందు వెంట్రుకంత సన్నని ధారగా, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో బయటికి వస్తుంది. మోటారుకు కరెంటు కావాలి. చుట్టుపక్కల కరెంటు ఉన్నది మా బడికే. అందుచేత శిబిరం మా బడి వసారాలో పెట్టారు. పేర్లు రాయడమూ, ఆ వైద్య దొర ఇంగ్లీషులో చెప్పినది తెలుగులో చెప్పడమూ నాకు అప్పగించారు.

మందు వేయించుకున్నవాడి మణికట్టు మీద ఊదారంగు ముద్ర వేస్తారు. ముద్ర లేనివాడికి సోమవారం యార్డు గేటు తెరవరు. ఇది కంట్రాక్టరు ఆజ్ఞ.

శుక్రవారం సాయంత్రం దొర యంత్రాన్ని చూపించి జాగ్రత్తలు చెప్పాడు. చర్మం పొడిగా ఉండాలి. యంత్రం మూతిని చర్మానికి నిటారుగా ఆనించి నొక్కాలి. మందు వెళ్ళే క్షణంలో చెయ్యి ఇసుమంత జరిగినా ధార లోపలికి పోకుండా తోలును కోస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య మూతిని స్పిరిటుతో తుడవాలి, రక్తం అంటితే విప్పి మరిగించిన ఇంకో మూతి తొడగాలి. నేను ఒక్కొక్క వాక్యాన్నీ మందు వేయడానికి కంట్రాక్టరు నియమించిన కాంపౌండరుకు తెలుగులో చెప్పి, అతడు తల ఊపిన తరువాతనే తరువాతి వాక్యానికి వెళ్ళాను. చివర నేనే ఒక మాట కలిపాను. మరునాడు శనివారం, మగవాళ్ళు నూనె రాసుకుని తలకు పోసుకునే రోజు. ఎంత శీకాయ రుద్దినా చేతులు జారుతూనే ఉంటాయి, శిబిరం ఆదివారానికి మార్చమని అడిగాను.

“ఆదివారం దొర ఓడెక్కి పోతాడు సార్. ఆయప్ప లేకుంటే ఈ మిషను ఏడిది?” అన్నాడు కాంపౌండరు. “నూనె ఉంటే ఇంకా మంచిది, సర్రున దూరుతుంది. చుమ్మా, ఊరికే భయపడొద్దు పొండి.”

శనివారం మధ్యాహ్నం దొర మొదటి నలుగురికీ తన చేత్తోనే వేశాడు. ప్రతిసారీ చర్మాన్ని గుడ్డతో ఒత్తి తుడిచాడు, మూతిని స్పిరిటులో ముంచాడు. ఆ నలుగురికీ చీమ కుట్టినంత బాధ కూడా కలగలేదు. ఆ తరువాత భోజనానికి కారెక్కి వెళ్ళిపోయాడు. యంత్రం కాంపౌండరు చేతికి వచ్చింది. పది మంది దాటగానే గుడ్డ పక్కన పడింది. ఇంకొంతమంది దాటాక స్పిరిటు దూది కూడా మేజా కింద పడింది. నూనె చర్మం మీద మూతి జారి, ఒక్కొక్కడి జబ్బ మీద నెత్తురు కనిపించసాగింది. పట్టికను నేను నా దినచర్య పుస్తకంలోనే గీసుకున్నాను. నాకు చెప్పినవి క్రమసంఖ్య, పేరు, తండ్రి పేరు, గుడిసె సంఖ్య, ఈ నాలుగు గడులే. నేను స్కేలు పెట్టి ఐదో గడి గీశాను. దాని తల మీద రక్తం అని రాశాను. నెత్తురు చుక్క కనిపిస్తే చుక్క పెట్టాను, కారితే గీత గీశాను, లేకపోతే ఖాళీగా వదిలాను. మా బావ వంతు వచ్చేసరికి ఆ గడిలో తొమ్మిది గీతలు ఉన్నాయి. మూతి ఒక్కసారి కూడా మార్చలేదు.

ఆ గీతల తరువాతి వరుసల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరికి ఆ ఏటి వానాకాలంలో కామెర్లతో కళ్ళు పచ్చబడ్డాయి. ఒకడు చనిపోయాడు. దానికి ఆ యంత్రమే కారణమని నేను అనను. అనడానికి తగిన చదువు నాకు లేదు. కాదని అంత గట్టిగా చెప్పిన కంట్రాక్టరు మనుషులకు మాత్రం ఆ చదువు ఎక్కడ దొరికిందో నాకు ఈనాటికీ తెలియదు.

బావ ముందు నిలబడినవాడి జబ్బ నుంచి నెత్తురు మోచేతి దాకా కారింది. యంత్రం మూతి ఎర్రగా ఉంది. బావ చెయ్యి చాచలేదు.

“ఆ మూతి తుడవండి సామీ,” అన్నాడు.

“ఏం, నువ్వేమన్నా జమీందారు బిడ్డవా? దీనికి సూది ఉందా? లేదు గదా. సూది లేనిదానికి ఏంది తుడిచేది? చాపు చెయ్యి, సీక్రం.”

“వాని నెత్తురు ఆడ కనపడతా ఉండాది. తుడిస్తే నీ సొమ్మేం పోతాది?”

“బొగ్గు మోసేవానికి ఎంత నాజూకో చూడండబ్బా!” అని కాంపౌండరు వరుస వైపు తిరిగి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అతడు కంట్రాక్టరు కావలివాళ్ళకు సైగ చేశాడు. ఇద్దరు లాఠీలు చంకలో పెట్టుకుని వచ్చి బావను చెరోవైపు పట్టుకున్నారు. నూనె చెయ్యి వాళ్ళ పట్టులో నిలవలేదు. ఒకడు మణికట్టును వెనక్కి మెలిపెట్టాడు, ఇంకొకడు మెడ మీద మోచెయ్యి వేసి కిందికి వంచాడు. బావ అరిచాడు. కాంపౌండరు మూతిని ఎడమ జబ్బకు ఆనించి మీట నొక్కాడు. ఆ క్షణంలోనే జబ్బ వాళ్ళ వేళ్ళ మధ్య నుంచి జారింది. వేలెడు పొడవున తోలు విడిపోయి, లోపల కండ తెల్లగా కనిపించి, మరుక్షణం నెత్తుటితో నిండింది.

బావ కుడిచెయ్యి విడిపించుకున్నాడు. మేజా మీద ఉన్న ఇనుప పళ్ళెం అందుకుని కాంపౌండరు నుదుటి మీద కొట్టాడు. అతడు కూలి, లేవబోతే మళ్ళీ కొట్టాడు. కావలివాళ్ళు లాఠీలు తీశారు. వాళ్ళు తల మీద కొట్టలేదు, కాళ్ళ మీద కొట్టలేదు. చీలిన జబ్బ మీదనే, ఎముక మీద కర్ర పడిన చప్పుడు వినిపించేటట్టు, ఒకరి తరువాత ఒకరు కొట్టారు. వరుస విరిగింది. నూనె ఒళ్ళతో, తడి జుట్టుతో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారిగా వసారా ఎక్కారు. యంత్రాన్ని తీగతో సహా పీకి మెట్ల మీద వేసి తొక్కారు. మందు సీసాలు పగిలాయి. కావలివాళ్ళు గోడ దూకారు. దూకలేకపోయిన కాంపౌండరును జుట్టు పట్టి ఈడ్చి, గాజు పెంకుల మీద పడేసి, మొహం మీద తన్నారు. రెండు పళ్ళు ఊడి పడ్డాయి. వాటిని నేను చూశాను. చూసినప్పుడు నాకు జాలి కలగలేదు. నేను మేజా కింద కూర్చుని, పుస్తకాన్ని పొట్టకు హత్తుకుని, పెన్సిలుతో గంట ఎంతైందో రాసుకుంటున్నాను.

బావను గుడిసెకు మోసుకుని వెళ్ళాం. పెద్దాసుపత్రికి తీసుకుపోతే పోలీసులు ఉంటారని అక్క ఒప్పుకోలేదు. గాయంలో కాఫీపొడి నింపి, పాత చీర చించి బిగించి కట్టింది. ఆదివారం సాయంత్రానికి జబ్బ తొడ అంత లావు వాచింది.

సోమవారం ఉదయం యార్డు ఆఫీసులో విచారణ పెడుతున్నామని, పుస్తకం పట్టుకుని రమ్మని కంట్రాక్టరు మేనేజరు కబురు చేశాడు. బావ మీద కొట్లాట కేసు, యంత్రం పగలగొట్టిన కేసు పెట్టించడం ఖాయమని గుడిసెల్లో అందరూ చెప్పుకున్నారు. ఆయన జైలుకు వెళ్తే అక్కకు దిక్కు లేదు. అక్క ఆదివారం చీకటి పడకముందే మా గదికి వచ్చింది.

“నిన్న పొద్దున వీపున, జబ్బన నూనె రుద్దింది నేనేరా. ఈ చేతులతోనే రుద్దితిని,” అంది. “నువ్వు రాసిన దాంట్లో ఆయన కొట్టింది ఉండాదా?”

“ఉంది అక్కా. రెండు దెబ్బలు.”

“ఆ ఒక్క లైను కొట్టెయ్యి. రబ్బరు పెట్టి తుడిస్తే పోతాది గదా, పెన్సిలే గదా.”

“అది తుడిస్తే మిగతాది కూడా ఎవరూ నమ్మరు. ఆ తొమ్మిది గీతలూ, వాళ్ళు చెయ్యి మెలిపెట్టిందీ, మూతి తుడవనిదీ, ఏదీ నిలవదు.”

“నీకు పుస్తకం నిలిస్తే చాలు,” అంది. “మొగుడు జైల్లో కూర్చునేది నాకు గదా.” లేచి వెళ్ళిపోయింది. నేను ఆ పుటను మరో కాగితం మీద అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసి, పెట్టెలో దాచాను.

దొర ముందు రోజే ఓడెక్కి వెళ్ళిపోయాడు. మేనేజరు గదిలో కాంపౌండరు తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. బావను గేటు బయట కావలివాళ్ళ మధ్య నిలబెట్టారు.

“మాస్టరూ, వాడు కొట్టినట్టు మీ పుస్తకంలో ఉందట గదా,” అన్నాడు మేనేజరు మర్యాదగా. “ఆ ముక్క వరకు ఒక కాగితం మీద ఎత్తి రాసి సంతకం చెయ్యండి. బడికి ఆలస్యమవుతుంది మీకు.”

“పుట మొత్తం ఎత్తి రాస్తేనే సంతకం పెడతానండీ.”

పుస్తకం లాక్కుని చదివాడు. చదువుతూ ఐదో గడి దగ్గర ఆగాడు. “ఈ గీతలేమిటి?”

“నెత్తురు కారిన మనుషులు.”

“మిమ్మల్ని ఎవరు రాయమన్నారు?”

“ఎవరూ రాయమనలేదు. వాళ్ళకు నెత్తురు కారింది కనుక రాశాను.”

కాంపౌండరు రెండు పళ్ళు ఊడిన నోటితో ఏదో గొణిగాడు. నేను అతని వైపు తిరిగి, శుక్రవారం దొర చెప్పిన ఏ జాగ్రత్తను అతడు శనివారం పాటించాడో చెప్పమన్నాను. నా గొంతు గేటు దాకా వినిపించిందని తరువాత చెప్పారు. ఆ పుటకు నకలు నా పెట్టెలో ఉందని మేనేజరుకు చెప్పాను; అతడు పుస్తకం మూసి నా ముందుకు తోశాడు. కేసు పెడితే ఈ పుస్తకం కోర్టుకు వస్తుంది, కోర్టులో దీన్ని మొదటి నుంచి చదువుతారు. ఆ లెక్క అతని మొహం మీద నాకు స్పష్టంగా కనిపించింది.

“కేసు వద్దులెండి,” అన్నాడు. “నూనె పూసుకుని రావడం వాళ్ళ తప్పు. మన మిషను మంచిదే. వాణ్ణి మాత్రం యార్డు ఛాయలకు రావద్దనండి.”

కావలివాళ్ళు ఇద్దరూ పనిలోనే ఉన్నారు. కాంపౌండరుకు కంట్రాక్టరు ఖర్చుతో పళ్ళు కట్టించారు. మనుషులను మెడ పట్టి వంచి, ఒకడి నెత్తురును ఇంకొకడి చర్మానికి ఆనించి తుపాకి కాల్చినవాళ్ళ మీద ఒక్క మాట కూడా పడలేదు. ఆ గదిలో ఎవరూ దానిని అన్యాయమని అనలేదు. అన్నది నేను ఒక్కణ్ణే. నన్ను బయటికి పంపేశారు.

బావను అప్పటికే గేటు దగ్గర నుంచి తరిమేశారు. జైలు తప్పిందని చెప్పడానికి నేను సంతోషంగానే గుడిసెకు వెళ్ళాను. బావ చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కింద నుంచి చీము వాసన వస్తోంది. నేను చెప్పింది అంతా విన్నాడు.

“వాళ్ళు నా చెయ్యి మెలిపెట్టినప్పుడు నేను నీ పేరు పెట్టి పిలిస్తిని,” అన్నాడు. “రెండు తూర్లు పిలిస్తిని. నువ్వు తలెత్తి చూస్తివి. మళ్ళా తల దించి రాస్తివి. అది ఉండాదా నీ పుస్తకంలో?”

లేదు. అది నాకు గుర్తుంది, పుస్తకంలో మాత్రం లేదు. లేదని చెప్పాను.

ఆయన కుడిచెయ్యి ఎత్తి నా చెంప మీద కొట్టాడు. వ్యాగన్ల కొద్దీ బొగ్గు ఎత్తిన చెయ్యి అది. నేను పొయ్యి పక్కన పడ్డాను, చెవిలో చాలాసేపు హోరు వినిపించింది. అక్క నన్ను లేపలేదు.

“నువ్వు తింటావా?” అని ఆయననే అడిగింది.

నెల గడిచాక గాయం మానింది. ఎన్నూరు దగ్గర ఉప్పు కొఠారులో మోతగాళ్ళు కావాలని తెలిసి ఒక ఆదివారం బావను వెంటబెట్టుకుని వెళ్ళాను. దారి పొడవునా ఆయన నాకు పదడుగుల ముందే నడిచాడు. అక్కడి మేస్త్రీ ఆయనను నిలబెట్టి రెండు చేతులూ పైకెత్తమన్నాడు. కుడిచెయ్యి లేచింది. ఎడమది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

“ఎత్తయ్యా, తట్ట తల మీదికి ఎట్టా పోతాది?” అని గద్దించాడు మేస్త్రీ.

బావ పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తాడు. చెయ్యి అక్కడే వణుకుతూ నిలిచింది. ఈసారి నేను వెళ్ళి ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. ఆయన విదిలించి కొట్టి, వెనుదిరిగి రోడ్డు వైపు నడిచాడు.