బోరు నీళ్ల రంగు

మా మిద్దె మీది క్రోటన్ పూలను నేనే చేత్తో జత కలిపి, కాసిన గింజలను కుండీల్లో నాటాను. ఎవరింట్లోనూ లేని రంగొకటి రావాలని ఒకటే పిచ్చి. రెండేళ్లు బోరు నీళ్లు మోస్తే మొక్కలన్నీ ఉత్త ఆకుపచ్చగానే తేలాయి. ఒక్కటి మాత్రం నిమ్మపండు పసుపు ఆకులు వేసింది, వాటి మీద ఆకుపచ్చ ఈనెలు. ఇదే నా రంగు అనుకొని, ఉన్న నీళ్లు దానికైనా చాలుతాయని మిగతావన్నీ పీకి పారేశాను.

ఆ ఏడు ఎన్నడూ లేనట్టు ముసురు పట్టింది. మా ఆయన సంబరంగా రేకు కిందున్న కుండీని వానలోకి జరిపి, "దేవుని నీళ్లు తగల్నీ, ఇంగ చూడు నీ చెట్టు ఎట్లుంటాదో!" అన్నాడు.

వాన వెలిశాక వేసిన ప్రతి ఆకూ ఉత్త ఆకుపచ్చే. నేను రంగనుకున్నది బోరు నీళ్లలోని సున్నం పడక ఆ ఒక్క మొక్కకు పట్టిన తెగులు.

నేను వేరుశనగ రైతు బిడ్డను. చేన్లో సరిగ్గా ఆ పసుపే కనిపిస్తే మా నాయన గట్టు మీద కూలబడి, "పోయింది పాపా, ఈసారి గూడా" అనేవాడు. ఆ పసుపునే నేను కుండీలో పెట్టుకొని, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించి మురిసిపోయాను.